వాష్‌బేసిన్ కుళాయి కట్టేసినా చుక్కలు పడుతున్నాయి, ప్లంబరు లేకుండా చేసుకోవచ్చా?

కొత్తపానా:

హైదరాబాద్‌లో అద్దె ఫ్లాటు, ఐదంతస్తుల బిల్డింగులో మూడోది. బాత్రూమ్ వాష్‌బేసిన్ మీద ఒకటే కుళాయి, చల్లనీళ్లది. బేసిన్ మీద నిలబడి ఉండే రకం, పిల్లర్ కాక్ అంటారట. పిడి పావు వంతు తిప్పితే పూర్తిగా తెరుచుకుంటుంది.

రెండు వారాలుగా కట్టేసినా రెండు సెకన్లకో చుక్క పడుతోంది. గట్టిగా తిప్పి చూశాను, తేడా లేదు. రాత్రిపూట ఇంకాస్త జోరుగా పడుతున్నట్టుంది. కుళాయి మొదట్లో బేసిన్ మీద కూడా ఎప్పుడూ తడే. కింద గోడ నుంచి కుళాయికి వచ్చే పైపు చివర తెల్లగా ఉప్పు పేరుకుంది. నీళ్లు బోరువీ మున్సిపాలిటీవీ కలిపి వస్తాయి.

నా దగ్గరున్నవి స్టార్ స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు, అంతే. బల్బు మార్చడం తప్ప ఇంతవరకూ ఏదీ విప్పలేదు. ఇది నేను చేయగలిగిన పనేనా? ఏ సామాను కొనాలి? డాబా మీద ట్యాంకు వాల్వు కట్టాలా? మొత్తం కుళాయే మార్చేస్తే పోతుందా?

సగమంగుళం:

చేయగలిగిన పనే. కానీ షాపుకి వెళ్లే ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చుకోండి. మీరు చెప్పినవి మూడు వేర్వేరు చోట్లు, మూడింటికీ మందు వేరు.

కుళాయి, బేసిన్, కింది పైపు అన్నీ పొడిబట్టతో తుడిచేయండి. కుళాయి మొదట్లో చుట్టూ టిష్యూ కాగితం చుట్టండి. కింద పైపు రెండు చివర్లకీ తలా ఒక ముక్క. పది నిమిషాలు కుళాయి ముట్టుకోకుండా వదిలేయండి. తర్వాత కుళాయి తిప్పి ఒక నిమిషం నీళ్లు పారనిచ్చి, కట్టి మళ్లీ చూడండి.

కట్టి ఉన్నప్పుడు మూతి నుంచి చుక్కలు పడితే లోపలి స్పిండిల్ (పిడి తిప్పితే నీళ్లు వదిలి, ఆపే భాగం) పోయినట్టు. తిప్పినప్పుడు మాత్రమే పిడి కింద నుంచి ఊరి, కాడ వెంట జారి మొదట్లో చేరుతుంటే స్పిండిల్ మీద ఉండే ఓ-రింగు (గుండ్రటి రబ్బరు చుట్టు) అరిగింది. ఈ రెండూ ఒకే భాగంలో ఉంటాయి కాబట్టి స్పిండిల్ మారిస్తే రెండూ పోతాయి. మొదట్లోని తడి కుళాయి కట్టి ఉన్నా వస్తుంటే అది వేరు: బాడీలో పగులో, మూతి చుక్కలు బేసిన్‌లో పడి చిమ్మడమో. కింద కనెక్షన్ పైపు చివర తెల్ల ఉప్పు ఉందంటే అక్కడ ఊటలాగా ఎప్పటినుంచో కారుతోందన్నమాట. నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. బొట్టు కనపడకపోయినా ఉప్పు కనపడితే లీకు ఉన్నట్టే.

గట్టిగా తిప్పితే ఎందుకు ఆగదో కూడా చెప్తాను, ఎందుకంటే అందరూ చేసే పని అదే. పావు తిప్పు కుళాయిలో రబ్బరు వాషర్ నొక్కుకుని నీళ్లు ఆపదు. రెండు సిరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. రెండింటి కంతలు ఎదురుగా వస్తే నీళ్లు వస్తాయి, పక్కకి జరిగితే ఆగుతాయి. మీరు పిడిని ఎంత నొక్కినా బిళ్లలు ఇంకా దగ్గరికి రావు, లోపలున్న అడ్డు దగ్గర కాడ మెలితిరిగిపోతుంది అంతే. బోరు నీళ్లలో వచ్చే సన్నటి ఇసుక ఆ బిళ్లల మధ్య పడి గీత పెడుతుంది, ఆ గీత వెంట నీళ్లు వస్తాయి. లేదా బిళ్లల అడుగున ఉండే రబ్బరు సీలు గట్టిపడి, అణిగిపోయి కూర్చుంటుంది. ఎక్కువసార్లు ఈ రెండోదే.

రాత్రి ఎక్కువ పడటం మీ భ్రమ కాదు. నీటి మట్టం మీకు పది మీటర్ల పైన ఉంటే ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. పగలు ఎవరో ఒకరు వాడుతుంటారు కాబట్టి పైపులో ఒత్తిడి కొంత పడిపోతుంది. రాత్రి అందరూ కట్టేశాక నిండు ఒత్తిడి మీ కుళాయి మీద పడుతుంది.

ఎంత పోతోందో చూడాలంటే రాత్రి 10కి మూతి కింద మగ్గు పెట్టి పొద్దున 6కి కొలవండి. ఎనిమిది గంటల్లో లీటరు పడితే రోజుకి మూడు లీటర్లు, నెలకి 90. ఇంటి ఓనరుతో మాట్లాడేటప్పుడు ఈ అంకె పనికొస్తుంది.

ట్యాంకు వాల్వు ముట్టుకోనక్కర్లేదు. బేసిన్ కింద గోడలోంచి బయటికొచ్చి మలుపు తిరిగే చిన్న కుళాయి ఉంది చూడండి, అదే యాంగిల్ కాక్. దాన్ని కట్టి, పైన కుళాయి తెరవండి. పైపులో మిగిలిన నీళ్లు పోయాక పూర్తిగా ఆగిపోతే మీ పని సులువు. ఆగకుండా సన్నగా వస్తూనే ఉంటే యాంగిల్ కాక్ కూడా పోయిందన్నమాట. అప్పుడు బాత్రూమ్ గోడలో బిగించిన స్టాప్ కాక్ గానీ, డక్టులో (పైపులు దిగే సందులో) మీ ఫ్లాటు వాల్వు గానీ కట్టాలి. ఇది పని మొదలుపెట్టక ముందే, షాపులు తెరిచి ఉన్న వేళ చూసుకోండి. ఏళ్ల తరబడి కదపని యాంగిల్ కాక్‌ని కట్టి తెరిస్తే దాని కాడ దగ్గర కొత్తగా కారడం మామూలే. కాడ చుట్టూ ఉండే నట్టును చుట్టులో ఎనిమిదో వంతు బిగిస్తే సాధారణంగా ఆగుతుంది.

నల్లాలోపల:

పైన చెప్పింది కరెక్టు. ఇప్పుడు విప్పుడు సంగతి చెప్తా.

మీ దగ్గర ఒక అడ్జస్టబుల్ స్పానర్ ఉండాలె, ఎనిమిది లేదా పది అంగుళాలది. కటింగ్ ప్లేయర్‌తోని నట్టు తిప్పితే మూలలు అరిగిపోతయి, క్రోమ్ లేచిపోతది. టార్చి, పాత గుడ్డ, టెఫ్లాన్ టేపు (మరలకు చుట్టే పలచటి టేపు) ఒకటి, పాత టూత్‌బ్రష్. ఇంకేం అవసరం లేదు.

యాంగిల్ కాక్ కట్టండి, నల్లా తెరిచి ఖాళీ చేయండి. బేసిన్ కంతల గుడ్డ కుక్కండి. ఇది మర్చిపోతే పిడి స్క్రూ నేరుగ బేసిన్ కింద వంపు గొట్టం, అదే ట్రాప్‌లకు పోతది. ఇంకో గుడ్డ బేసిన్‌ల పరవండి, స్పానర్ జారి పడితే పింగాణీ పెచ్చు లేస్తది, దానికి మందు లేదు.

పిడి మీద మధ్యల నీలం చుక్కనో, కంపెనీ గుర్తు ఉన్న బిళ్లనో ఉంటది. చాకు మొనతోని ఒక పక్క నుంచి మెల్లగ లేపండి. కింద స్టార్ స్క్రూ కనవడ్తది. కొన్నిట్ల బిళ్ల ఉండదు, పిడి వెనక నుంచో పక్క నుంచో చిన్న కంత ఉంటది, అందుల తల లేని స్క్రూ, దానికి సన్నటి ఎలెన్ కీ (ఆరు పలకల వంపు కడ్డీ) కావాలె. స్క్రూ తీసినంక పిడిని నేరుగ పైకి గుంజండి. రాకపోతే సుత్తితోని కొట్టకండి. పిడికీ కాడకీ మధ్య గార పట్టి ఉంటది. స్క్రూ కంతల నాలుగు చుక్కలు డబ్ల్యూడీ-40 వేసి పావుగంట ఆగి, కుడిఎడమలకి ఊపుకుంట గుంజండి. ఇత్తడి కాడకు పళ్లు సన్నగ ఉంటయి, జబర్దస్తీ చేస్తే అవి పోతయి.

పిడి పోయినంక ఒక క్రోమ్ గిన్నె మూత లెక్క ఉంటే చేత్తోనే విప్పండి. దాని కింద ఇత్తడిది ఆరు పలకల నట్టు, అదే స్పిండిల్ మెడ. స్పానర్ ఖాళీ లేకుండ బిగించి పట్టి, ఎడమ వైపు తిప్పండి. రెండో చేత్తో నల్లా బాడీని గట్టిగ పట్టుకోవాలె. లేకపోతే స్పిండిల్‌కు బదులు మొత్తం నల్లానే తిరిగి, కింద నల్లాను బేసిన్‌కు పట్టి ఉంచే చెక్ నట్ వదులయితది, కనెక్షన్ పైపు మెలి పడ్తది. కొత్తోళ్ల చేతుల మొదట చెడేది ఇక్కడనే.

స్పిండిల్ బయటికొచ్చినంక రెండు పనులు. ఒకటి, అడుగున ఉన్న రబ్బరు సీలు చూడండి. అణిగి, గీతలు పడి ఉంటే కారణం అదే. ఆ రబ్బరు ఊడి నల్లా బాడీల అతుక్కుపోయి ఉండొచ్చు, టార్చి వేసి చూసి తీసేయండి. అది ఉండంగ కొత్తది బిగిస్తే కూసోదు. రెండు, బాడీ మీద మగ్గు బోర్లించి పట్టుకొని యాంగిల్ కాక్‌ను రెండు సెకన్లు కొంచెమే తెరిచి కట్టండి. లోపలి ఇసుక, గార పెచ్చులు కొట్టుకొచ్చేస్తయి. మగ్గు లేకుండ చేస్తే నీళ్లు పైకప్పుకు తగుల్తయి, ముందే చెప్తున్న.

పాత స్పిండిల్‌ను జేబుల వేసుకొని శానిటరీ షాపుకు పోండి. ఫోటో చూపిస్తే సరిపోదు. మర మందం, కాడ పొడుగు, పైన పళ్ల లెక్క మూడూ కలవాలె. మర చాలా వాటికి అర అంగుళమే, కానీ పళ్లు 20 ఉన్నవి, 24 ఉన్నవి రెండూ దొరుకుతయి, కంటికి ఒకే లెక్క కనవడ్తయి. మీ పిడి కూడ తీస్కపోయి కొత్త కాడ మీద అక్కడనే కూసోబెట్టి చూడండి. ఇంకోటి, తిరిగే దిక్కు. వేడినీళ్లకూ చల్లనీళ్లకూ ఎదురెదురు దిక్కుల తెరుచుకునే స్పిండిల్లు ఉంటయి. ఒకటి తెచ్చి ఇంకోదాంట్ల పెడితే పిడి ఉల్టా తిరుగుతది.

బిగించేటప్పుడు ముందు చేత్తోనే చివరిదాక తిప్పండి. రెండు చుట్లకే గట్టిగ తగిలితే మర వంకరగ ఎక్కింది, విప్పి మళ్లీ ఎక్కించండి. చేతికి ఆగినంక స్పానర్‌తోని పావు చుట్టు, మహా అయితే దానికి ఇంకొంచెం. ఇంకా గుంజితే అడుగు రబ్బరు నలిగి వారంల మళ్లీ చుక్కలు మొదలయితయి. స్పిండిల్‌కు రబ్బరు సీలు, ఓ-రింగు ఉంటయి, అక్కడ టెఫ్లాన్ టేపు వద్దు.

కొత్తపానా:

ఇద్దరికీ థాంక్సండీ. టిష్యూ పరీక్ష చేశాను. మూతి నుంచి చుక్కలు, కింద కనెక్షన్ పైపు పై చివర తడి. మొదట్లో కాగితం కుళాయి తిప్పినప్పుడే తడిసింది, కట్టి ఉన్నప్పుడు పొడిగా ఉంది. కాబట్టి స్పిండిల్, ఓ-రింగు అనుకుని విప్పాను. అడుగు రబ్బరు ఒక పక్క చీలి ఉంది. పాతది, పిడి షాపుకి తీసుకెళ్లి 24 పళ్లది తెచ్చి బిగించాను.

పిడి దగ్గర తడి పోయింది. మూతి నుంచి మాత్రం ఇంకా పదిహేను సెకన్లకో చుక్క పడుతోంది. పైగా కనెక్షన్ పైపు పై నట్టు కాస్త బిగిస్తే అక్కడ కారడం ఇంకా ఎక్కువైంది. టేపు చుట్టాలా? నీళ్లు కూడా మునుపటికంటే సన్నగా వస్తున్నాయి.

సగమంగుళం:

ముందు తేలికది. నీళ్లు సన్నగా రావడం మంచి గుర్తే, మీరు కదిపిన చెత్త మూతిలో జాలీ దగ్గర ఆగింది. మూతి చివర గుండ్రటి భాగం, ఏరేటర్, చేత్తో విప్పండి. రాకపోతే గుడ్డ చుట్టి స్పానర్‌తో. లోపలి ప్లాస్టిక్ జాలీల వరస ఫోటో తీసుకుని విడదీయండి, లేకపోతే తిరిగి పెట్టేటప్పుడు తికమక. సమానంగా వెనిగరూ నీళ్లూ కలిపి అరగంట నానబెట్టి బ్రష్‌తో తోమితే గార వదులుతుంది. వెనిగరు లేకపోతే నిమ్మ ఉప్పు, గ్లాసు గోరువెచ్చటి నీళ్లకి చెంచాడు. బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం వద్దు, క్రోమ్ తినేసి అడుగున ఇత్తడి బయటపడుతుంది.

ఏరేటర్ విప్పి పక్కన పెట్టి చుక్కల సంగతి మళ్లీ చూడండి. కట్టాక ఒకటి రెండు నిమిషాలు చుక్కలు పడి ఆగిపోతే అది మెడలో మిగిలిన నీరు, లీకు కాదు. పావుగంట తర్వాతా అదే లెక్కన పడుతుంటే స్పిండిల్ మళ్లీ విప్పాలి.

విప్పి, రబ్బరు కూర్చునే చోటు చూడండి. కుళాయి బాడీలో అడుగున నున్నటి ఇత్తడి అంచు ఉంటుంది, దాన్ని సీటు అంటారు. వేలు పెట్టి చుట్టూ తడమండి. గరుకుగా, పెచ్చులుగా తగిలితే గార. వెనిగరులో ముంచిన గుడ్డ ముక్క అరగంట అందులో ఉంచి, బ్రష్‌తో తోమి, మగ్గు బోర్లించి మళ్లీ నీళ్లు కొట్టండి. గోరు చిక్కుకునేంత గాటు తగిలితే సీటే పోయింది. పాత వాషర్ కుళాయికైతే సీటు చెక్కే పరికరం ఉంటుంది, దాంతో నున్నగా చేస్తారు. పావు తిప్పు పిల్లర్ కాక్‌కి ఆ శ్రమ దండగ, కుళాయి మార్చుకోవడమే మేలు.

సీటు నున్నగానే ఉంటే కొత్త స్పిండిల్ పొడుగు పాతదానితో పక్కపక్కన పెట్టి కొలవండి. మెడ నుంచి అడుగు రబ్బరు దాకా ఒక మిల్లీమీటరు తక్కువున్నా రబ్బరు సీటుకి ఆనదు. కొందరు కింద ఇంకో వాషర్ వేసి సర్దుతారు. అది కొన్నాళ్లకి జరిగి కంతకి అడ్డం పడుతుంది. షాపువాడితో మార్పించుకోండి.

గట్టిపానా:

కనెక్షన్ పైపు చివరకి ఓ ఐదు చుట్లు టెఫ్లాన్ చుట్టి బిగించేయండి, పోతుంది. మా వైపు ప్లంబర్లందరూ అలాగే చేస్తారు.

సగమంగుళం:

అక్కడే తప్పు జరుగుతోందండీ. కనెక్షన్ పైపు నట్టు లోపల నల్లటి రబ్బరు వాషర్ ఉంటుంది. కుళాయి తోక (బేసిన్ కిందికి దిగే మర ఉన్న భాగం) చివరి అంచు ఆ వాషర్‌కి ఆనుకుని నీళ్లు ఆపుతుంది, మరలు ఆపవు. నట్టు ఊరికే పట్టి ఉంచడానికి. మరకి టేపు చుట్టి మందం పెంచితే నట్టు చివరిదాకా వెళ్లకముందే బిగుసుకుంటుంది, వాషర్‌కి ఒత్తిడే చేరదు. పైకి బిగిసినట్టుంటుంది, లోపల కారుతూనే ఉంటుంది.

కొత్తపానా గారి కేసులో బిగించాక ఎక్కువైందంటే ఆ వాషర్ గట్టిపడి చీలింది. యాంగిల్ కాక్ కట్టి, పై నట్టు విప్పి వాషర్ చూడండి. విడి వాషర్ ఐదు పది రూపాయలకి దొరుకుతుంది గానీ, ఉప్పు పేరుకుని పైపు అల్లిక తుప్పు పట్టినట్టుంటే పైపే మార్చేయండి. పైపు పగిలితే మూడో అంతస్తు నుంచి కింది ఇంటి సీలింగు దాకా పోతుంది.

కొత్త పైపు రెండు చివర్లా అర అంగుళం నట్టు ఉన్నది అడగండి. పొడవు 18 అంగుళాలు, 24 అంగుళాలు మామూలు. యాంగిల్ కాక్ నుంచి కుళాయి తోక దాకా దారంతో కొలిచి, దానికంటే రెండు మూడంగుళాలు ఎక్కువున్నది తీసుకోండి. లాగిపట్టినట్టు ఉండకూడదు, మడత కూడా పడకూడదు. బిగించేటప్పుడు పైపును ఒక చేత్తో పట్టుకోండి, నట్టుతోపాటు పైపు మెలిక తిరిగితే లోపలి రబ్బరు గొట్టం అక్కడే చీలుతుంది. చేత్తో బిగిసినంత బిగించి, స్పానర్‌తో పావు చుట్టు నుంచి అర చుట్టు. అంతకు మించి వద్దు.

బేసిన్ కింద యాసిడ్ సీసా, బ్లీచింగ్ డబ్బా పెడుతుంటే తీసేయండి. వాటి ఆవిరికి స్టీలు అల్లిక పైపు మీద మచ్చలు పడి, తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. పైపు కొన్నాళ్లకే పగిలితే ముందు అనుమానించాల్సింది ఆ సీసానే.

నల్లాలోపల:

టేపు ఎక్కడ పనికొస్తదో కూడ చెప్పాలె. యాంగిల్ కాక్ గోడలకు పోయే మరకు కావాలె, అక్కడ రబ్బరు ఉండదు. మర చివర మీ దిక్కు పెట్టుకొని గడియారం ముల్లు తిరిగే దిక్కుకు, టేపును లాగి పట్టి చుట్టాలె. ఉల్టా చుడితే బిగించేటప్పుడు టేపు లేచి బయటకొచ్చేస్తది. మన దగ్గర దొరికే పలచటి టేపు అయితే పది పన్నెండు చుట్లు పడ్తయి.

కానీ కొత్తోళ్లు యాంగిల్ కాక్‌ను గోడ నుంచి విప్పకండి. లోపల సీపీవీసీ (ప్లాస్టిక్) పైపుకు ఇత్తడి మర ఉన్న ఎల్బో, అంటే మలుపు ముక్క, ఉంటది. జోరుగ తిప్పితే ఎల్బో టైల్స్ వెనక పగుల్తది. అప్పుడు టైల్సు పగలగొట్టాలె. ఆ ఒక్క పని ప్లంబర్‌కు ఇవ్వండి.

గట్టిపానా:

సరే, వాషర్ సంగతి ఒప్పుకున్నా. మరి పాత రకం, నాలుగైదు చుట్లు తిప్పే కుళాయిలకి ఏం చేయాలి? మా పక్క ఊళ్లలో ఇంకా అవే ఎక్కువ.

సగమంగుళం:

అవి ఇంకా తేలిక, ఇంకా చవక. విప్పే వరస అదే, ఒక్క తేడా: స్పిండిల్ మెడ విప్పే ముందు కుళాయిని తెరిచిన స్థితిలో ఉంచాలి. కట్టి ఉండగా విప్పితే వాషర్ సీటుకి ఒరుసుకుంటూ మెడ మీద బలం పడుతుంది. బిగించేటప్పుడూ అంతే, తెరిచి ఉంచే బిగించాలి.

బయటికొచ్చాక స్పిండిల్ కింద జంపర్ (వాషర్‌ని పట్టుకునే చిన్న ముక్క), దాని అడుగున రబ్బరు వాషర్. మధ్యలో చిన్న నట్టు ఉంటే విప్పి వాషర్ ఒక్కటే మార్చండి. నట్టు కిలుం పట్టి రాకపోతే జంపర్ మొత్తంగా దొరుకుతుంది. వాషర్ పాతదాని వెడల్పే ఉండాలి. పెద్దది వేస్తే కుళాయి సగమే తెరుచుకుంటుంది, చిన్నది వేస్తే సీటు మూయదు. పాత వాషర్ మీద గుండ్రంగా లోతు గుంట ఉంటే అరిగిందని అర్థం. గుంట ఒక పక్కే లోతుగా ఉంటే సీటులో గాటు ఉంది, కొత్త వాషర్ కూడా నెలల్లో పోతుంది. ఈ రకం కుళాయిని గట్టిగా కట్టే అలవాటే వాషర్‌ని కోస్తుంది. నీళ్లు ఆగిన దగ్గర ఆపేయాలి.

తిప్పినప్పుడు కాడ పక్కనుంచి కారితే మెడ మీది గ్లాండ్ నట్టు కాస్త బిగించండి. ఆగకపోతే ఆ నట్టు కింద పాత నూలు తీసి, టెఫ్లాన్ టేపును తాడులా పేని కాడ చుట్టూ రెండు మూడు చుట్లు చుట్టి నట్టు బిగించాలి. ఇక్కడ మాత్రం టేపు నిజంగానే పనికొస్తుంది.

ఓ-రింగులకి కొబ్బరినూనె, వాజలిన్ రాసేవాళ్లున్నారు, రాయకండి. కొన్ని రబ్బర్లు వాటికి ఉబ్బిపోతాయి. రాయాలంటే సిలికాన్ గ్రీజు, అదీ గోరంత.

అట్లాంటా_తెలుగు:

ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్లు ఈ థ్రెడ్ చూసి పొరపడకుండా రెండు ముక్కలు. బేసిన్ కింద వాల్వు వైపు సాధారణంగా 3/8 అంగుళం కంప్రెషన్ ఫిట్టింగు ఉంటుంది, కుళాయి వైపు అర అంగుళం. కాబట్టి ఇండియా నుంచి తెచ్చిన కనెక్షన్ పైపు పట్టదు. కార్ట్రిడ్జి (కుళాయి లోపల నీళ్లు ఆపే భాగం) ఒక్కో కంపెనీకి ఒక్కో ఆకారం, హార్డ్‌వేర్ స్టోరుకి పాతది పట్టుకెళ్లాల్సిందే. కొనే ముందు కంపెనీకి ఫోన్ చేయండి. ఇక్కడ చాలా కంపెనీలు ఇంటివాళ్లకి జీవితకాల వారంటీ కింద కార్ట్రిడ్జి ఉచితంగా పంపిస్తాయి. మోడల్ తెలియకపోతే ఫోటో అడుగుతారు.

వేడిచల్లన:

మా బేసిన్ మీద ఒకే పిడి, పైకెత్తితే నీళ్లు, పక్కకి తిప్పితే వేడి. దానికీ ఇదే పద్ధతేనా? గీజరు వేసినప్పుడే చుక్కలు పడతాయి.

సగమంగుళం:

అది సింగిల్ లివర్ మిక్సర్, లోపల స్పిండిల్ కాదు, కార్ట్రిడ్జి. 35, 40 మిల్లీమీటర్ల అడ్డకొలతవి ఎక్కువ. గీజరు స్విచ్ కట్టి, రెండు యాంగిల్ కాక్‌లూ కట్టాలి. ఒకటే కడితే కార్ట్రిడ్జి తీసిన చోట రెండో వైపు నీళ్లు చిమ్ముతాయి, అది వేడిదైతే చేయి కాలుతుంది. లివర్ కింద చిన్న ఎలెన్ స్క్రూ, తర్వాత క్రోమ్ మూత, తర్వాత పెద్ద ఇత్తడి నట్టు. కార్ట్రిడ్జి అడుగున రెండు చిన్న మొలకలుంటాయి, బాడీలోని గుంటల్లో అవి దిగితేనే సరిగా కూర్చుంటుంది. దిగకుండా నట్టు బిగిస్తే కార్ట్రిడ్జి పగులుతుంది.

అయితే మీకు గీజరు వేసినప్పుడే కారుతోందంటే కొనేముందు ఆలోచించండి. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. గీజరు లోపలికి వచ్చే దారిలో వెనక్కి పోనివ్వని వాల్వు ఉంటే ఆ పెరిగిన నీటికి చోటు ఉండదు, ఒత్తిడి పెరిగి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ కారుతుంది. గీజరు దగ్గరున్న ప్రెషర్ వాల్వు నుంచి అప్పుడప్పుడూ చుక్కలు పడటం దాని పనే. అక్కడ ఎప్పుడూ ఏమీ పడకుండా కుళాయిలోంచి పడుతుంటే ఆ వాల్వు గార పట్టి మూసుకుపోయి ఉండొచ్చు. అది భద్రత కోసం ఉన్నది, గీజరు సర్వీసు మనిషికి వెంటనే చూపించండి. దాని మూతికి బిరడా పెట్టడం, దాన్ని బిగించి కట్టేయడం లాంటివి ఎప్పుడూ చేయకండి.

కొత్తపానా:

అయిపోయింది. సీటు మీద గార తగిలింది, వెనిగరు గుడ్డ పెట్టి తోమి నీళ్లు కొట్టాను. స్పిండిల్ పొడుగు పాతదానితో సమానంగానే ఉంది. ఇప్పుడు చుక్క లేదు. కనెక్షన్ పైపు వాషర్ రెండు ముక్కలైంది, పైపు 18 అంగుళాలది కొత్తది వేశాను, టేపు లేకుండా. ఏరేటర్ కూడా శుభ్రం. పూర్తిగా ఆగిందని నమ్మకం ఎలా?

నల్లాలోపల:

బేసిన్ కింద నేలంతా పొడిగ తుడిచి, యాంగిల్ కాక్ కిందనుంచి న్యూస్‌పేపర్ పరిచి రాత్రంత వదిలేయండి. పేపర్ మీద ఒక్క బొట్టు పడినా పొద్దున గుండ్రటి మచ్చ కనవడ్తది, నేల మీద అయితే ఆరిపోతది. మచ్చ ఎక్కడుందో చూస్తే ఏ జాయింట్ నుంచో తెలుస్తది. రెండో రోజు బేసిన్ నిండ నీళ్లు పట్టి ఒక్కసారే వదిలి మళ్లీ చూడండి. అప్పుడే తడిస్తే కారేది నల్లా కాదు, కింద వేస్ట్ కప్లింగ్, అంటే బేసిన్ కంతకు బిగించిన నీళ్లు పోయే భాగం.

వారం తర్వాత కనెక్షన్ పైపు నట్లు చేత్తో తాకి చూడండి. తడి ఉంటేనే ఎనిమిదో వంతు బిగించండి, పొడిగ ఉంటే ముట్టుకోకండి. నెలకోసారి యాంగిల్ కాక్ కట్టి తెరుస్తుండండి, లేకపోతే గార పట్టి అవసరమైన రోజు తిరగదు. ఆ పాత స్పిండిల్ పారేయకుండ కవర్‌ల కట్టి బేసిన్ కింద ఉంచండి. వచ్చేసారి షాపుకు పోయేటప్పుడు నల్లా విప్పకుండనే కొలత చూపించొచ్చు.